పాత తలుపుకి స్క్రూ పట్టడం లేదా? బెజ్జం బాగుచేసుకుని బిగించండిలా

పాత ఇల్లు పడగొట్టి స్థలం అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసినా తాతల నాటి టేకు తలుపుని వదులుకోబుద్ధి కాదు. విజయవాడ, గుంటూరుల్లో అలా దాచి ఉంచిన తలుపులు చాలా ఇళ్లలోనే ఉంటాయి. తీరా దాన్ని బిగించబోతే స్క్రూ గిరగిరా తిరుగుతుందే తప్ప బిగుసుకోదు. చెయ్యి తీస్తే మడతబందుతో సహా ఊడొస్తుంది. విసుగొచ్చి పక్కనే పెద్ద మేకు దిగ్గొడతారు. దాంతో చెక్క చీలుతుంది, మేకూ కొన్నాళ్లకి వదులవుతుంది. బెజ్జాన్నే బాగుచేసుకుంటే ఈ తిప్పలుండవు.

స్క్రూని పట్టి ఉంచేది చెక్కలోని పీచు. స్క్రూ మరలు పీచుని కోసుకుంటూ దిగి అందులో ఇరుక్కుంటాయి. మన దగ్గర స్క్రూని మూడొంతులు సుత్తితో దిగ్గొట్టి, చివర్లో మొక్కుబడిగా రెండు తిప్పులు తిప్పే అలవాటొకటి ఉంది. పైకి తేడా తెలియదు, లోపల మాత్రం పీచు నలిగిపోతుంది. నన్నడిగితే పాత తలుపుల్లో బెజ్జాలు పాడవడానికి పెద్ద కారణం ఇదే. రెండోది తుప్పు. ఇనుప స్క్రూ తుప్పుపడితే దాని చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నిలిచిన సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లవాళ్లు కింది బందుల దగ్గర ఇది తప్పక చూసుకోవాలి.

ముందు చెక్కని పరీక్షించండి

తలుపు ఇంకా వేలాడుతూనే ఉంటే అడుగున చెక్కముక్కలు దోపి బరువు వాటి మీద నిలబెట్టండి. స్క్రూ గాడిలో పాత రంగు నిండి ఉంటే చాకు మొనతో గీకితేగానీ స్క్రూడ్రైవర్ పట్టదు. బందు తీశాక సన్నటి స్క్రూడ్రైవర్‌తో బెజ్జం లోపలి గోడని పొడిచి చూడండి. గట్టిగా తగిలితే చెక్క మంచిదే, బెజ్జం ఒక్కటే అరిగింది. మెత్తగా దిగబడినా, మట్టి రాలినా అక్కడ చెక్క పుచ్చిందనో, చెదపట్టిందనో అర్థం. అలాంటి చోట పుల్లలూ జిగురూ దండగ. ఆ భాగాన్ని ఉలితో మంచి చెక్క తగిలేదాకా తీసేసి, కొలతకి కోసిన టేకు ముక్కని అతికించాలి. ఆ పని కార్పెంటర్‌కి అప్పగించడం మేలు.

చెక్క తడిగా ఉంటే ఏ జిగురూ సరిగా పట్టదు. వానల్లో ఉబ్బిన తలుపైతే బాగా ఆరేదాకా ఆగండి.

కొద్దిగా వదులైతే

పొడవు స్క్రూ సరిపోతుంది. పాతది 35 మి.మీ. అయితే 50 మి.మీ.ది తీసుకోండి, కొస కొత్త చెక్కలోకి దిగుతుంది. లావు మాత్రం పెంచకండి. ఎనిమిదో నంబరు లావు స్క్రూకి చేసిన బందులో అంతకన్నా లావైన పదో నంబరు పెడితే తల బందు గుంటలో పూర్తిగా కూర్చోదు. తలుపు వేసినప్పుడు రెండు రెక్కల స్క్రూ తలలూ ఒకదానికొకటి తగులుతాయి, తలుపు ఎదురుతంతుంది.

బాగా అరిగితే

ఇక్కడ అగరబత్తి పుల్లలు పనికొస్తాయి. అగరబత్తి కాలిపోయాక మిగిలే పుల్ల వెదురుది, గట్టిగా ఉంటుంది. టేకు చెక్క నుంచి చాకుతో చీల్చిన పేళ్లు దొరికితే ఇంకా మంచిది. అగ్గిపుల్ల మెత్తన, కిటికీ రెక్కకి సరే గానీ బరువు తలుపుకి వద్దు.

బెజ్జంలో పొట్టు, తుప్పు ఊది శుభ్రం చేయండి. పుల్లల్ని ఫెవికాల్‌లో ముంచి ఒక్కొక్కటే లోపలికి తోయండి. ఇక దూరదు అనిపించాక చివరి పుల్లని సుత్తితో మెల్లగా తట్టండి. అప్పుడు జిగురు అంచుల్లోంచి ఉబికి రావాలి. రాకపోతే లోపల ఇంకా ఖాళీ ఉన్నట్టే. పైకి పొడుచుకొచ్చిన కొసల్ని చెక్కతో సమంగా కోసేసి ఒక రోజంతా ఆరనివ్వండి. వీధి తలుపుకీ, బాత్‌రూమ్ తలుపుకీ మామూలు ఫెవికాల్ బదులు నీటికి తట్టుకునే మెరైన్ రకం వాడాలి.

బరువైన తలుపు పై బందుకి మాత్రం నేను పుల్లల్ని నమ్మను. తలుపు ఎప్పుడూ పై బందుని బయటికి లాగుతుంటుంది, కింది బందుని లోపలికి నొక్కుతుంటుంది. అందుకే ముందు ఊడేది పైదే. దానికి 10 మి.మీ. డ్రిల్ బిట్‌తో పాత బెజ్జాన్ని వెడల్పు చేసి, అదే లావు టేకు కొయ్యమేకుని, అంటే గుండ్రటి చెక్క ముక్కని, జిగురు రాసి దిగ్గొట్టండి. కొయ్యమేకులో స్క్రూ పీచుకి అడ్డంగా కాక పీచు పొడవునా దిగుతుంది, అలా దిగే స్క్రూకి పట్టు తక్కువ కాబట్టి, కొయ్యమేకుని దాటి అసలు చెక్కని అందుకునే పొడవు స్క్రూ వేయండి.

గోడకి వాడే ప్లాస్టిక్ ప్లగ్గులు చెక్కకి వద్దు. అవి లోపల విచ్చుకునేలా చేసినవి, అంచు దగ్గర పెడితే చెక్క చీలుతుంది. ఎం-సీల్ కూరడమూ నాకు నచ్చదు. మళ్లీ విప్పాల్సి వస్తే తర్వాతివాడికి నరకం.

బిగించడం

ఆరిన బెజ్జంలో నేరుగా స్క్రూ తిప్పకూడదు. ఎనిమిదో నంబరుకి 3 మి.మీ. బిట్‌తో సరిగ్గా మధ్యలో పైలట్ హోల్, అంటే స్క్రూకి దారి చూపే సన్న బెజ్జం, వేయండి. బిట్ పక్కకి జరిగితే స్క్రూ బందుని కూడా లాక్కుపోతుంది. స్క్రూకి సబ్బు రాస్తుంటారు చాలామంది. సబ్బు తేమని లాగి తుప్పు తెస్తుంది, కొవ్వొత్తి రుద్దండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొంటే తుప్పు గొడవ తగ్గుతుంది.

తలుపు ఎత్తడానికి ఇద్దరుండాలి. ఒక్కో బందుకి ఒక్క స్క్రూ మాత్రమే వేసి తలుపు మూసి చూడండి. ద్వారబంధానికీ తలుపుకీ మధ్య 3 మి.మీ. సందు, అంటే రూపాయి బిళ్లలు రెండు కలిపి పెట్టినంత మందం, ఉంటే మిగతావి బిగించేయొచ్చు. కింద నేలకి రాసుకుంటుంటే తలుపు అడుగు చిత్రిక పట్టించండి. టైల్స్ మీద ఈడ్చుకుంటూ తిరిగే తలుపు మీరు బాగుచేసిన బెజ్జాల్ని మళ్లీ ఊడబీకుతుంది. పాత తలుపుకి రెండే బందులుంటే మధ్యలో మూడోది వేయించండి.

చివరి తిప్పులు డ్రిల్ మెషీన్‌తో వద్దు, చేత్తోనే తిప్పండి. బిగుసుకుందని చేతికి తెలియగానే ఆపాలి. వారం పోయాక పై బందు స్క్రూలు ఒకసారి తిప్పి చూడండి, పావు తిప్పు కన్నా ఎక్కువ తిరిగితే ఆ బెజ్జాన్ని కొయ్యమేకుతో మళ్లీ చేయాల్సిందే.