డేటాబేస్ నిర్వహణ – స్వయంగా నేర్చుకుందాం: 4వ పాఠం – కనెక్షన్లు నిండిపోయినప్పుడు

గత మూడు పాఠాలలో పోస్ట్‌గ్రెస్‌ను మీ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయడం, పట్టికలకు ఇండెక్సులు వేయడం, నెమ్మదిగా నడిచే క్వెరీని పట్టుకోవడం నేర్చుకున్నాము. క్వెరీలన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ, రద్దీ పెరిగిన గంటలో డేటాబేస్ కొత్తవారిని లోనికి రానివ్వని స్థితి ఒకటి ఉంటుంది. ఈ పాఠం దాని గురించి. సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆ పేర్లలోని పదాల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలని గుర్తుంచుకోండి.

గుంటూరు మిర్చి యార్డులోని కమిషన్ దుకాణాల కోసం పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు) తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్‌కు కొంతకాలం నేను డేటాబేస్ పని చూశాను. మార్చి నెలలో, సెలవుల తరువాత వచ్చిన ఒక సోమవారం ఉదయం, సరుకు విపరీతంగా దిగిన రోజున, ఒక దుకాణం గుమస్తా ఫోన్ చేసి, "ఏవండీ, కాటా అయిపోయింది గానీ పట్టీ రావడం లేదండీ, రైతులు నిలబడి ఉన్నారు" అన్నాడు. లాగ్ తెరిస్తే "రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్‌డ్" అంటూ మొదలయ్యే వాక్యమే పేజీ నిండా ఉంది, అంటే మామూలు యూజర్లకు కనెక్షన్లు ఇక మిగలలేదు. నేను చేసిన మొదటి పని మ్యాక్స్ కనెక్షన్స్ విలువను 100 నుంచి 300కు పెంచి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం. కాసేపు పట్టీలు వచ్చాయి. ఆ తరువాత ఆ 300 కూడా నిండిపోయి, అంతకుముందు చక్కగా నడుస్తున్న క్వెరీలు కూడా ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. ఆ రోజు నేను ఏ క్రమంలో చూసి ఉండవలసిందో, అదే క్రమంలో ఈ పాఠం రాస్తున్నాను.

ముందుగా ఆ పరిమితి ఏమిటో తెలుసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కు సర్వర్‌లో ఒక ప్రత్యేక ప్రాసెస్ పుడుతుంది. ఆ ప్రాసెస్‌కు మెమరీ కావాలి, ప్రాసెసర్‌లో వంతు కావాలి. అందువల్ల ఎన్ని కనెక్షన్లను అనుమతించాలో మ్యాక్స్ కనెక్షన్స్ అనే సెట్టింగు ముందే నిర్ణయిస్తుంది. సాధారణంగా దాని విలువ 100 ఉంటుంది, అందులో మూడింటిని సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న నిర్వాహకుడు) కోసం పక్కన పెడతారు. అంటే మామూలు యూజర్లకు దక్కేవి 97 మాత్రమే. ఆ మూడు ఎందుకంటే, ఇల్లంతా నిండిపోయినప్పుడు కూడా మీరు లోపలికి వెళ్లి చూడగలగాలి. మీ అప్లికేషన్‌నే సూపర్‌యూజర్ పేరుతో కనెక్ట్ చేస్తే ఆ మూడు సీట్లు కూడా అదే తినేస్తుంది, ఆపద సమయంలో మీకు తలుపు ఉండదు. ఈ పొరపాటును చాలాచోట్ల చూశాను, దయచేసి ఈ రోజే మీ కాన్ఫిగరేషన్‌లో చూసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి కనెక్షన్‌కు ప్రాసెస్ బదులు థ్రెడ్ ఉంటుంది, పరిమితి మామూలుగా 151, ఎర్రర్ సంఖ్య 1040. అక్కడ కూడా తగిన హక్కులున్న నిర్వాహకుడి కోసం ఒక కనెక్షన్ అదనంగా ఉంచుతారు. పేర్లు మారినా ఈ పాఠంలోని ఆలోచన దానికి కూడా వర్తిస్తుంది.

ఇక ఫిర్యాదు వచ్చిన వెంటనే తేల్చుకోవలసిన మొదటి విషయం: నిండినది డేటాబేస్ పరిమితా, అప్లికేషన్‌లోని పూల్ పరిమితా? పూల్ అంటే అప్లికేషన్ ముందుగానే తెరిచి ఉంచుకుని, అవసరమైనప్పుడు అరువిచ్చి తిరిగి తీసుకునే కనెక్షన్ల గుంపు. జావాలో హికారీ పూల్‌కు మామూలు గరిష్ఠం 10 కనెక్షన్లు, 30 సెకన్లు ఎదురుచూసినా దొరకకపోతే ఎర్రర్ ఇస్తుంది. పైథాన్‌లోని ఎస్‌క్యూఎల్ ఆల్కెమీకి మామూలు పూల్ పరిమాణం 5, రద్దీలో మరో 10 వరకు ఓవర్‌ఫ్లో తెరుచుకుంటుంది, ఎదురుచూపు దానిలోనూ 30 సెకన్లే. కనెక్షన్లు మిగలలేదన్న ఎర్రర్ (దాని కోడ్ 53300) పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో ఉంటే నిండినది డేటాబేస్. డేటాబేస్ లాగ్ ప్రశాంతంగా ఉండి, అప్లికేషన్ లాగ్‌లో మాత్రమే టైమవుట్ కనిపిస్తే నిండినది పూల్. రెండవ సందర్భంలో మ్యాక్స్ కనెక్షన్స్‌ను వెయ్యికి పెంచినా ఒక్క పట్టీ కూడా అదనంగా బయటకు రాదు.

డేటాబేసే నిండిందని తేలితే, ఒక గుణకారం వేయండి. నాలుగు అప్లికేషన్ సర్వర్లు, ఒక్కొక్క దానిలో నాలుగు వర్కర్ ప్రాసెస్‌లు ఉన్నాయనుకుందాం. పూల్ అనేది ఒక్కొక్క వర్కర్‌కు వేరువేరుగా ఉంటుంది, సర్వర్ మొత్తానికి ఒకటి కాదు. మామూలు రోజున 4 × 4 × 5, అంటే 80 కనెక్షన్లు. ఇది 97లో ఇమిడిపోతుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. రద్దీ రోజున ఓవర్‌ఫ్లో కూడా తెరుచుకుంటే 4 × 4 × 15, అంటే 240. పరీక్షలన్నింటిలో నెగ్గిన ఏర్పాటు సరిగ్గా అవసరమైన రోజునే కూలిపోవడానికి తరచుగా ఈ లెక్కే కారణం. ఆపైన రిపోర్టుల ప్రోగ్రాము, బ్యాకప్ స్క్రిప్టు, ఎవరో తమ ల్యాప్‌టాప్‌లో తెరిచి మరిచిపోయిన టూల్, ఇవన్నీ అదే 97లో వాటాదారులు.

లెక్క తరువాత కళ్లతో చూడాలి. సూపర్‌యూజర్‌గా పీఎస్‌క్యూఎల్‌లోకి (టెర్మినల్‌లో ఆదేశాలు టైపు చేసే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాములోకి) వెళ్లి, పీజీ స్టాట్ యాక్టివిటీ అనే వ్యూలో స్టేట్ అనే కాలమ్ మీద గ్రూప్ బై చేసి, ఒక్కొక్క స్టేట్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కించండి. బ్యాకెండ్ టైప్ అనే కాలమ్‌లో "క్లయింట్ బ్యాకెండ్" అని ఉన్నవాటినే తీసుకోండి, లేకపోతే సర్వర్ సొంత ప్రాసెస్‌లు కూడా లెక్కలో కలుస్తాయి. ముఖ్యంగా మూడు స్టేట్‌లు కనిపిస్తాయి. యాక్టివ్ అంటే ఆ క్షణంలో క్వెరీ నడుస్తోంది, లేదా లాక్ వంటి దాని కోసం క్వెరీ ఆగి ఉంది. ఐడిల్ అంటే కనెక్షన్ తెరిచి ఉంది, పని లేదు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అంటే ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అన్న మార్పుల కట్ట) మొదలుపెట్టి, ఏదో చేసి, కమిట్ (ఖాయం చేయి) గానీ రోల్‌బ్యాక్ (రద్దు చేయి) గానీ చెప్పకుండా అప్లికేషన్ వేరే పనిలో పడింది.

ఆ సోమవారం నేను రెండవసారి, ఈసారి సరిగ్గా, పరిమితిని 100కు దించిన తరువాత చూసిన లెక్క ఇది: యాక్టివ్ 7, ఐడిల్ 9, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ 81. మొత్తం 97. నిజంగా పని చేస్తున్నవి ఏడే. ఆ 81 వరుసలలో క్వెరీ అనే కాలమ్ చూస్తే, చివరిగా నడిచిన క్వెరీ అన్నింటిలోనూ ఒక్కటే, పట్టీల టేబుల్‌లో వరుస చేర్చే ఇన్సర్ట్. స్టేట్ చేంజ్ అనే కాలమ్‌లోని సమయాన్ని ప్రస్తుత సమయం నుంచి తీసివేస్తే ఎనిమిది, తొమ్మిది, పది సెకన్లు వస్తున్నాయి. ఇన్సర్ట్ ఎప్పుడో అయిపోయింది, ఆ తరువాత పది సెకన్ల పాటు అప్లికేషన్ ఎక్కడికో వెళ్లింది.

ఎక్కడికి వెళ్లిందో కోడ్ తెరిస్తే తెలిసింది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, పట్టీని ఇన్సర్ట్ చేసి, రైతు ఫోన్‌కు ఎస్‌ఎమ్‌ఎస్ పంపి, ఆ సంస్థ నుంచి జవాబు వచ్చిన తరువాత కమిట్ చేస్తోంది. మామూలు రోజున ఆ జవాబు పావు సెకనులో వచ్చేది. ఆ రోజు వారి వైపు కూడా రద్దీ ఉండి పది సెకన్లు పట్టింది. యార్డులో పని చేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: టిక్కీని (మిర్చి బస్తాను) కాటా మీద ఉంచి, తూకం రాసుకుని, దాన్ని దించకుండా గుమస్తా రైతుకు ఫోన్ చేయడానికి వెళితే, వెనుక ఉన్న బండ్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఇంకో రెండు కాటాలు తెప్పిస్తే వాటి మీద కూడా టిక్కీలు అలాగే కూర్చుంటాయి.

దీని వెనుక ఒక చిన్న సూత్రం ఉంది, దీన్ని కంఠస్థం చేయమని కోరుతున్నాను. ఒక సమయంలో వాడుకలో ఉండే కనెక్షన్ల సగటు సంఖ్య, సెకనుకు వచ్చే అభ్యర్థనల సంఖ్యను ఒక్కొక్క అభ్యర్థన కనెక్షన్‌ను పట్టుకుని ఉండే సెకన్లతో గుణిస్తే వస్తుంది. క్యూల శాస్త్రంలో దీన్ని లిటిల్ సూత్రం అంటారు. జాన్ లిటిల్ 1961లో దీనికి నిరూపణ ప్రచురించారు. సెకనుకు 12 పట్టీలు, ఒక్కొక్క దానికి పావు సెకను అయితే కావలసినవి 3 కనెక్షన్లు. అదే 12 పట్టీలు, ఒక్కొక్క దానికి 10 సెకన్లు అయితే 120. రైతుల సంఖ్య పెరగలేదు, పట్టీల సంఖ్య పెరగలేదు, పట్టుకుని ఉండే కాలం ఒక్కటే నలభై రెట్లు పెరిగింది. కనెక్షన్లు నిండిపోయాయని ఎవరైనా చెప్పినప్పుడు "ఎంతమంది వచ్చారు" అన్న ప్రశ్న కన్నా "ఎంతసేపు పట్టుకున్నారు" అన్న ప్రశ్న ముందు అడగాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే.

ఇక చికిత్స. అప్పటికప్పుడు ఊపిరి ఆడాలంటే, ఎక్కువసేపు ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో ఉన్న ప్రాసెస్‌లను పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ అనే ఫంక్షన్‌తో ముగించవచ్చు. పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది నడుస్తున్న క్వెరీని మాత్రమే ఆపుతుంది, ఇక్కడ నడుస్తున్న క్వెరీయే లేదు. ముగించిన ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది కాబట్టి ఆ పట్టీలు మళ్లీ వేయవలసి ఉంటుందని దుకాణాలకు చెప్పండి. దీన్నే సర్వర్ తనంతట తాను చేసేలా ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్ అనే సెట్టింగు 9.6 వెర్షన్ నుంచి ఉంది. మామూలుగా దాని విలువ సున్నా, అంటే పని చేయదు. నేను అప్లికేషన్ యూజర్‌కు మాత్రం దాన్ని 15 సెకన్లుగా పెడతాను. కమిట్ కాని ట్రాన్సాక్షన్ కనెక్షన్‌ను ఆక్రమించడమే కాకుండా లాక్‌లను పట్టుకుంటుంది, ఎక్కువసేపు ఉంటే పాత వరుసలను శుభ్రం చేసే వాక్యూమ్ పనికి కూడా అడ్డుపడుతుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

అసలు మందు కోడ్‌లో ఉంది. ఎస్‌ఎమ్‌ఎస్ పంపడాన్ని ట్రాన్సాక్షన్ బయటకు తీసుకురావాలి. మేము చేసినది ఇది: పట్టీ ఇన్సర్ట్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే, పంపవలసిన సందేశాన్ని వేరొక టేబుల్‌లో ఒక వరుసగా రాసి, వెంటనే కమిట్ చేశాము. వేరుగా నడిచే ఒక ప్రోగ్రాము ఆ టేబుల్‌లోంచి వరుసను తీసుకుని, తాను తీసుకున్నట్టు గుర్తు పెట్టి, కమిట్ చేసి, ఆ తరువాతే ఎస్‌ఎమ్‌ఎస్ పంపుతుంది. ఆ మధ్య కమిట్‌ను మరచిపోతే జబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందే తప్ప తగ్గదు. ఈ మార్పుతో ఇంకొక మేలు కూడా జరిగింది. పాత పద్ధతిలో ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్లిన తరువాత కమిట్ విఫలమైతే, లేని పట్టీకి రైతు చేతిలో సందేశం ఉండేది. తన పంట సొమ్ము లెక్క అది, అందులో అటువంటి తప్పు జరగకూడదు.

పరిమితిని పెంచడం ఎప్పుడూ తప్పని నేను చెప్పడం లేదు. యాక్టివ్ సంఖ్యే నిజంగా ఎక్కువగా ఉండి, ప్రాసెసర్, డిస్కు ఇంకా ఖాళీగా ఉంటే పెంచవచ్చు. అయితే దానికి రీస్టార్ట్ తప్పదు, స్టాండ్‌బై సర్వర్ (అసలు సర్వర్‌కు నకలుగా నడిచేది) ఉంటే ముందు దానిలో పెంచి తరువాత ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, పెంచాలి. మెమరీ లెక్క కూడా చూసుకోవాలి. క్వెరీ పనులకు ఇచ్చే మెమరీని నిర్ణయించే వర్క్ మెమ్ అనే సెట్టింగు మామూలు విలువ 4 ఎంబీ అని చూసి చిన్నదే అనుకోకండి, అది కనెక్షన్‌కు లెక్క కాదు, క్వెరీలోని ఒక్కొక్క సార్ట్‌కు, హ్యాష్‌కు లెక్క. సర్వర్ ఒకేసారి ఎన్ని క్వెరీలను హాయిగా నడపగలదన్న దానికి పోస్ట్‌గ్రెస్ వర్గాలలో చాలాకాలంగా ఉన్న తొలి అంచనా, ప్రాసెసర్ కోర్లకు రెండింతలు, దానికి డిస్కుల సంఖ్య కలపడం. నాలుగు కోర్లు, ఒక డిస్కు ఉన్న యంత్రానికి అది తొమ్మిది. మొదటిసారి ఈ అంకె విన్నవారు నమ్మరు. కానీ ఆ రోజు 300 కనెక్షన్లతో సర్వర్ ఎందుకు ఈడ్చుకుపోయిందో ఈ తొమ్మిదే చెబుతుంది.

అప్లికేషన్ సర్వర్లు ఎక్కువై, పూల్‌లన్నింటినీ తగ్గించినా మొత్తం ఇమడనప్పుడు, పీజీబౌన్సర్ అనే చిన్న ప్రోగ్రామును మధ్యలో పెట్టాలి. అది మామూలుగా 6432 పోర్టులో వింటుంది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే, వందలాది క్లయింట్లు దాని దగ్గర నిలబడతారు, అసలు డేటాబేస్ కనెక్షన్ మాత్రం ఒక ట్రాన్సాక్షన్ నడిచేంతసేపే ఒక్కొక్కరికి దొరుకుతుంది. దానిలో డిఫాల్ట్ పూల్ సైజ్ 20, మ్యాక్స్ క్లయింట్ కాన్ 100. రెండవదాన్ని పెంచడం మరచిపోయి, మళ్లీ అదే రకం ఎర్రర్ ఈసారి పీజీబౌన్సర్ నుంచి వస్తే కంగారు పడేవారు ఎందరో. ట్రాన్సాక్షన్ మోడ్‌లో సెషన్ అంతటికీ వర్తించే సెట్ ఆదేశాలు, లిజన్, సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు నమ్మదగినవి కావు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు ఈ మోడ్‌లో మద్దతు 2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి ఉంది. ఒక మాట మళ్లీ చెబుతున్నాను: ట్రాన్సాక్షన్ మధ్యలో ఎస్‌ఎమ్‌ఎస్ పంపే కోడ్‌ను పీజీబౌన్సర్ కూడా బాగుచేయలేదు, ఎందుకంటే దాని కొలమానమే ట్రాన్సాక్షన్.

ఈ వారం అభ్యాసం. మీ కంప్యూటర్‌లోని పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్‌ను 20కి తగ్గించి రీస్టార్ట్ చేయండి. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పీజీబెంచ్ అనే రద్దీ పరీక్ష ప్రోగ్రాముకు కావలసిన టేబుల్‌లను ముందుగా తయారుచేసుకుని, మామూలు యూజర్‌తో దాన్ని 30 క్లయింట్లతో నడిపి, లాగ్‌లో వచ్చే సందేశాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. తరువాత పీజీబెంచ్‌ను 10 క్లయింట్లతో ఒక నిమిషం పాటు నడపండి. అది నడుస్తుండగానే రెండు టెర్మినల్ కిటికీలలో బిగిన్ చేసి, పీజీబెంచ్ బ్రాంచెస్ టేబుల్‌లోని వరుసను రెండింటిలోనూ అప్‌డేట్ చేయబోయి, కమిట్ చేయకుండా వదిలేయండి. మూడవ కిటికీలో పీజీ స్టాట్ యాక్టివిటీని చూస్తూ, ఏ స్టేట్‌లో ఎన్ని ఉన్నాయో, వెయిట్ ఈవెంట్ టైప్ కాలమ్‌లో లాక్ అన్న మాట ఎన్ని వరుసలలో కనిపిస్తుందో లెక్కించండి. మొదటి కిటికీలో కమిట్ కొట్టిన క్షణంలో ఆ లెక్క ఎలా మారుతుందో చూసి, రెండవ దానిలో కూడా కమిట్ కొట్టి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకోండి. వచ్చే పాఠాన్ని ఆ రెండు అంకెల నుంచే, లాక్‌ల వరుసను చదవడంతో మొదలుపెడదాం.