టేకాఫ్‌లో ఇంజిన్ ఆగిపోతే: పాత ప్రొపెల్లర్ విమానాలకు సమస్య - పరిష్కారం

200-300 అడుగుల్లో ఇంజిన్ ఉన్నట్టుండి ఆగింది

ముందు ముక్కు దించండి, కారణం తర్వాత వెతకొచ్చు. టైగర్ మాత్ లాంటి రెండంతస్తుల రెక్కల విమానాన్ని గాలి గట్టిగా పట్టి లాగుతుంది. పైకెక్కే భంగిమలో పవర్ పోతే కొద్ది క్షణాల్లోనే వేగం పడిపోతుంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది రన్‌వే వైపు వెనక్కి తిప్పబోయినప్పుడే. ఎత్తు పోకుండా 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు 41 శాతం. పైగా 180 డిగ్రీలు తిరిగినంత మాత్రాన రన్‌వే మీదికి రారు, దాని పక్కకు వస్తారు.

ఎదురుగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపున్న చేలోనే దిగండి. అనంతపురం ఎర్రనేలలో వేరుశనగ చేను చాలా మేలు. కర్నూలు నల్లరేగడి వాన పడ్డాక చక్రాలను పట్టేసి విమానాన్ని బోర్లా వేస్తుంది. ఎక్కడైనా సాళ్ల వెంబడే దిగాలి, అడ్డంగా వద్దు. కడప వైపు గట్ల మీద నిలువుగా పాతిన బండలు పైనుంచి సన్నగీతల్లా ఉంటాయి. బోరు మోటారు ఉందంటే కరెంటు తీగ కూడా ఉన్నట్టే. తీగ కోసం కాదు, స్తంభాల కోసం చూడండి. ఓర్వకల్లు లాంటి రాతిగుట్టల చోట, రన్‌వే రెండు చివర్ల అవతలి నేలను ముందే నడిచి చూసుకోవాలి.

ఎత్తు మిగిలితేనే ఫ్యూయల్ కాక్ (ఇంధనం కుళాయి), రెండో మాగ్నెటో (ప్లగ్‌లకు నిప్పురవ్వ ఇచ్చే పరికరం), కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు కరిగించే వేడిగాలి) ప్రయత్నించండి. నేల తాకే ముందు ఫ్యూయల్, స్విచ్‌లు ఆపేయండి.

కారణం: చాలాసార్లు ఇంధనమే

కాక్ సగమే తెరుచుకున్నా పైపుల్లో, కార్బురేటర్ గిన్నెలో ఉన్న పెట్రోలుతో ట్యాక్సీ (రన్‌వే దాకా నేలమీద నడక), పరుగు సాఫీగా సాగిపోతాయి. గాల్లోకి లేచాక ఆగుతుంది. ట్యాంకు మూత గాలిరంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టినా ఇదే జరుగుతుంది. పరీక్ష ఇలా: ముక్కును టేకాఫ్ కోణానికి ఎత్తి, ట్యాంకులో కొద్దిగానే ఇంధనం ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి కొలపాత్రలోకి వదలండి. పంపు లేని విమానంలో టేకాఫ్ వినియోగానికి ఒకటిన్నర రెట్లు రావాలి. గంటకు 40 లీటర్లు తాగే ఇంజిన్‌కు నిమిషానికి 1 లీటరు అన్నమాట. అంతకన్నా తక్కువొస్తే ఫిల్టర్, కాక్, గాలిరంధ్రం వరుసగా విప్పి చూడండి.

నీళ్ల సంగతి ఇంకా మోసం. తోకచక్రం విమానం నేలమీద ఉన్నప్పుడు నీళ్లు ట్యాంకు వెనకమూలకు చేరి, పరుగులో తోక లేచాక ముందుకు జారతాయి. అందుకే తోక ఎత్తి, రెక్కలు ఊపి, కాసేపు ఆగి డ్రెయిన్ చేయాలి. గాజు పాత్ర నిండా తేటగా ఉంటే సంతోషపడొద్దు, అది మొత్తం నీళ్లే కావచ్చు. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు నీలంగా ఉండాలి.

ఇంజిన్ నడుస్తోంది, విమానం లేవట్లేదు

900 అడుగుల ఎత్తున్న చోట 42 డిగ్రీల ఎండలో రెక్కలకూ ఇంజిన్‌కూ దాదాపు 4,300 అడుగుల మీద ఉన్నట్టే. ఇది లోపం కాదు, గాలి పలచబడటం. మే నెలలో తెల్లవారుజామునే ఎగరండి, బరువు తగ్గించండి. సగం రన్‌వేకు లేచే వేగంలో 70 శాతం రాకపోతే థ్రాటిల్ మూసేయండి.

వేడెక్కాక టపటపమంటూ పవర్ తగ్గడం

మాగ్నెటో కాయిల్ లేదా కండెన్సర్‌ను అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే దొరకవు. వేడి ఇంజిన్ మీద ఒక్కో మాగ్నెటో విడిగా చూసి, మాన్యువల్‌లో రాసిన దానికన్నా ఆర్‌పీఎం ఎక్కువ పడితే ఎగరకండి.

ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే ఒకచోట బిగుసుకోవడం

టైగర్ మాత్, హెచ్‌టీ-2 (హెచ్‌ఏఎల్ శిక్షణ విమానం)లలో సిలిండర్లు తలకిందులు కాబట్టి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వాటిలోకి దిగుతుంది. బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి, కొన్ని గంటల తర్వాత టేకాఫ్‌లోనే విరగొచ్చు. స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, ఆ సిలిండర్ ప్లగ్ విప్పి, ఆయిల్ కారిపోయాకే తిప్పండి.