సాయంత్రం పార్ట్‌టైం మానెయ్యాలా వద్దా, ముందు ఈ లెక్క వేసుకోండి

పగలు ఆఫీసు, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఫుడ్ డెలివరీ. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఇలా రెండూ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరికీ ఏదో ఒక రోజు వచ్చే డౌటు ఒకటే, ఇది మానేద్దామా కొనసాగిద్దామా అని. ఒళ్లు హూనమై ఇంటికొచ్చిన రాత్రి అయితే మానెయ్యాలనే అనిపిస్తుంది, యాప్ వాళ్లిచ్చే వారం డబ్బులు (పేఅవుట్) అకౌంట్‌లో పడ్డ రోజు అయితే పోనీలే ఇంకో నెల చూద్దాం అనిపిస్తుంది. ఈ రెండు టైముల్లోనూ డిసైడ్ చెయ్యకండి. సెలవు రోజు పొద్దున టీ తాగి, ఒక కాగితం పెన్ను తీసుకుని కూర్చోండి.

మొదట అసలు చేతికి మిగిలేది ఎంతో తేలాలి. యాప్‌లో కనిపించే నంబర్‌ని పక్కన పెట్టండి. ఉదాహరణకి రాత్రికి 420 వచ్చింది అనుకుందాం. బండి 60 కిలోమీటర్లు తిరిగింది, ఇందులో ఇంటి నుంచి ఆర్డర్లు వచ్చే జోన్‌కి వెళ్లేదీ, ఆర్డర్ ఇచ్చేసి ఖాళీగా వెనక్కి వచ్చేదీ కూడా కలపాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. సిటీ ట్రాఫిక్‌లో స్కూటీ 40 మైలేజీ ఇస్తే లీటరున్నర, లీటరు 107 అనుకుంటే పెట్రోలుకే 160. ఆయిలు, బ్రేకులు, టైర్లు ఇవన్నీ కలిపి కిలోమీటరుకి ముప్పావలా వేసుకోండి, 45. మధ్యలో టీ, మిర్చి బజ్జీ, నీళ్ల బాటిల్ 50. మిగిలింది 165. నాలుగు గంటల పని అనుకుంటాం గానీ రానుపోను కలిపితే అయిదు గంటలు, అంటే గంటకి 33 రూపాయలు. నెలకి పాతిక రోజులు తిరిగితే యాప్‌లో 10,500 కనిపిస్తుంది, మన చేతిలో మాత్రం 4 వేల చిల్లర ఉంటుంది. మీ బండికీ మీ ఏరియాకీ ఈ నంబర్లు వేరేగా ఉంటాయి, ఎలక్ట్రిక్ బండి అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది, అందుకే మీ సొంత నంబర్లతో ఒక వారం రాసి చూడండి.

ఇంకోటి, క్యాష్ ఆర్డర్లకి కస్టమర్ చేతికిచ్చే డబ్బులు, అవి కంపెనీవి. జేబులో ఉంటే మన సంపాదనే అనిపించి ఖర్చు పెట్టేస్తాం, తర్వాత అది పేఅవుట్‌లో కట్ అయినప్పుడు ఈ వారం తక్కువిచ్చారు అని యాప్‌ని తిట్టుకుంటాం. వారం రాసేటప్పుడు దాన్ని వేరే కాలమ్‌లో పెట్టండి.

లెక్క తేలాక, ఇది ఎందుకు మొదలుపెట్టామో గుర్తు తెచ్చుకోండి. గోల్డ్ లోన్ విడిపించడానికా, చిట్టీ కట్టడానికా, జూన్‌లో పిల్లల స్కూల్ ఫీజుకా? పనికి ఒక ఆఖరి తారీఖు ఉంటే ఒళ్లు ఓర్చుకుంటుంది. ఎనిమిది నెలల్లో చిట్టీ అయిపోతుంది అనుకుంటే ఆ ఎనిమిది నెలలూ చెయ్యండి, తప్పులేదు. కానీ ఆ అవసరం ఎప్పుడో తీరిపోయి, ఇప్పుడు వచ్చే డబ్బు కొత్త ఫోన్ ఈఎంఐకి, రాత్రి వండుకునే ఓపిక లేక బయట తినే తిండికి పోతుంటే మాత్రం ఆ పని దాని ఖర్చుని అదే పుట్టిస్తోందన్నమాట. నన్నడిగితే అలాంటి దాన్ని కొనసాగించడంలో అర్థం లేదు.

పగటి ఉద్యోగం సంగతి కూడా చూడాలి. ఆఫర్ లెటర్ తీసి చదవండి, బయట పని చెయ్యకూడదు అనే లైన్ చాలా కంపెనీల్లో ఉంటుంది. 2022లో విప్రో ఇలా పోటీ కంపెనీలకి కూడా పని చేస్తున్నారని 300 మందిని తీసేసింది. అక్కడ విషయం పోటీ కంపెనీల గురించి, డెలివరీకి అంత సీన్ ఉండకపోవచ్చు, అయినా మీ లెటర్‌లో ఏముందో తెలియకుండా ఉండకూడదు. టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కట్ అయితే ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో కనపడుతుంది, రిటర్న్ వేసేటప్పుడు ఆ ఆదాయం కూడా చూపించాలి, జీతగాళ్లు వేసే మామూలు ఐటీఆర్-1 ఫారం దీనికి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున మీటింగ్‌లో కునుకు పడుతుంటే, నెలలో మూడు నాలుగు సార్లు లేటవుతుంటే, పెద్ద జీతం ఇచ్చే చోట నిద్రపోయి చిన్న డబ్బు కోసం మెలకువగా ఉంటున్నట్టు. అప్రైజల్‌లో పోయేది ఆ 4 వేల కన్నా ఎక్కువే ఉండొచ్చు.

బండి మీద ఒక్కసారి కళ్లు మూతపడినా సరే ఈ లెక్కలన్నీ ఆపేసి ఆ రాత్రికి యాప్ ఆఫ్ చేసి ఇంటికెళ్లండి. పైగా సొంత బండికి ఉండే మామూలు ప్రైవేట్ పాలసీ కిరాయికీ సరుకు మొయ్యడానికీ వర్తించదని పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది, డెలివరీలో ఉండగా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర గొడవే.

ఇప్పటికీ తేలలేదా? డెలివరీలో ఒక సుఖం ఉంది, మానెయ్యాలంటే ఎవరికీ రిజైన్ లెటర్ ఇవ్వక్కర్లేదు. ఈ జీతం నుంచి వచ్చే జీతం దాకా లాగిన్ అవ్వకండి, అంతే. వీకెండ్ ఇన్సెంటివ్ మెసేజ్‌లు వస్తాయి, నోటిఫికేషన్లు ఆఫ్ చేసుకోండి. మొదట్లో ఊరికే నిద్రపోతారు, అది చూసి ఏమీ తేల్చకండి. నెలాఖరులో ఎక్కడ డబ్బు కటకటలాడిందో చూడండి, ఏ ఖర్చుకి చెయ్యి చాచాల్సి వచ్చిందో ఇంట్లోవాళ్లని అడగండి, వాళ్లకే బాగా తెలుస్తుంది. ఏమీ ఇబ్బంది రాకపోతే మీకు జవాబు దొరికినట్టే. నిజంగానే ఇబ్బంది వస్తే శుక్ర, శని, ఆది రాత్రులు మాత్రమే చేసి చూడండి. డెలివరీ కంపెనీ ఇచ్చే యాక్సిడెంట్ కవర్ ఇన్ని రోజులు యాక్టివ్‌గా ఉంటేనే అని కొన్నిచోట్ల ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టే ముందు యాప్‌లో అది చూసుకోండి.

డెలివరీ కాకుండా ట్యూషన్ చెప్పడమో, షాపు లెక్కలు రాయడమో అయితే ఇలా చెప్పాపెట్టకుండా ఆపడం కుదరదు. టెన్త్ పిల్లలకి చెప్తుంటే మార్చి పరీక్షలు అయ్యేదాకా ఉండండి, జనవరిలో వదిలేస్తే ఆ పిల్లలకి కొత్త సార్ ఎక్కడ దొరుకుతాడు. షాపు అకౌంట్స్ చూస్తుంటే నెలనెలా జీఎస్టీ రిటర్న్‌లు వేసే వాళ్లకి అమ్మకాలు చూపించే జీఎస్టీఆర్-1 11వ తారీఖు, పన్ను కట్టే 3బీ 20వ తారీఖు ఆఖరు కాబట్టి 20 దాటాకే మానండి, పాత బాకీ ఏమైనా ఉంటే మానేస్తున్నానని చెప్పకముందే వసూలు చేసుకోండి, తర్వాత రేపు మాపు అంటారు. జీఎస్టీ పోర్టల్‌లో మీ ఫోన్ నంబర్ ఇచ్చి ఉంటే వెళ్లేలోపు షాపు సేఠ్ నంబర్‌కి మార్పించండి, లేకపోతే మీరు మానేసిన ఆర్నెల్ల తర్వాత కూడా నెలకోసారి ఓటీపీ చెప్పమని ఫోన్ వస్తూనే ఉంటుంది.