రియల్ ఎస్టేట్ మెంటర్‌కు ఫీజు కట్టే ముందు

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొందామని ఫోన్‌లో రెండుసార్లు వెతికితే చాలు, భూమి మీద సంపాదించడం నేర్పుతామనే ప్రకటన ఎదురవుతుంది. 99 రూపాయల వెబినార్‌తో మొదలైన వ్యవహారం రెండు గంటలు విన్నాక వేలల్లోకి వెళ్తుంది, ఆ పై మెట్టు ఎక్కితే లక్ష దాటే పర్సనల్ మెంటర్‌షిప్ దాకా సాగుతుంది. ఈ ఫీజు కట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేర్పేవారి పేరు ప్రతిష్ఠల కంటే ముందు మన పరిస్థితిని చూసుకోవాలి. మనం ఏ దశలో ఉన్నాం, మనకు కచ్చితంగా తెలియనిది ఏమిటి, అది తెలిసినవారికి ఆ ఒక్క పనికి డబ్బిచ్చి చేయించుకునే వీలుందా అని ఆలోచించాలి. ఇంతవరకూ ఒక్క ప్లాటూ కొనకుండా, ఫలానా స్థలం అని ఏదీ చూసి పెట్టుకోకుండా ఇంత ఫీజు కట్టడం దాదాపు ఎప్పుడూ తొందరపాటేనని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం అనుభవం మీద ఏర్పడింది. కొన్నేళ్ల క్రితం నేను 45,000 రూపాయలు కట్టి ఆరు ఆదివారాల కోర్సులో చేరాను. మొదటి నాలుగు వారాలు లేఅవుట్ అంటే ఏమిటి, ఔటర్ రింగ్ రోడ్డు వెంట ధరలు ఎలా పెరిగాయి వంటి సంగతులు చెప్పారు. అవి చెడ్డ పాఠాలేమీ కావు. ఐదో వారం మమ్మల్ని బస్సెక్కించి ఒక వెంచర్‌కు తీసుకువెళ్లారు. షామియానా కింద భోజనాలయ్యాక, మా బ్యాచ్‌కు మాత్రమే ప్రత్యేక ధర అంటూ టోకెన్ అడ్వాన్స్ పుస్తకం తెరిచారు. మాతో వచ్చిన ఒకాయన అప్పటికి ఊరుకుని, మరుసటి వారం కోర్సు పేరెత్తకుండా నేరుగా వెంచర్ ఆఫీసుకు వెళ్తే అదే వరుసలోని ప్లాటు గజానికి 800 రూపాయలు తక్కువకు వచ్చింది. మా గురువు గారు ఆ వెంచర్‌కు ఏజెంటు కూడానని మాకు తెలిసింది అప్పుడే. మేము కట్టిన ఫీజు కంటే మేము కొనబోయే ప్లాట్ల మీద కమీషనే ఆయనకు పెద్ద ఆదాయమన్న సంగతి చేరే ముందే అడిగి తెలుసుకోవలసింది.

అందువల్ల మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే: మేము కొంటే మీకు ఎవరి నుంచైనా డబ్బు వస్తుందా? జవాబును నోటిమాటగా కాక మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోవాలి. దీని వెనుక చట్టపరమైన కారణం కూడా ఉంది. ఫీజు తీసుకుని షేర్ల మీద పెట్టుబడి సలహా ఇచ్చేవారు 2013 నాటి నిబంధనల ప్రకారం స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదు కావాలి. భూమి గురించి పాఠాలు చెప్పేవారికి అటువంటి లైసెన్సు ఏదీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అయితే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా పరిధిలోని ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మించడంలో పాలుపంచుకుని కమీషన్ తీసుకుంటే ఆయన ఏజెంటు అవుతారు, 2016 నాటి రెరా చట్టం 9వ సెక్షన్ కింద నమోదు చేసుకుని తీరాలి. తెలంగాణ రెరా, ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్లలో నమోదైన ఏజెంట్ల వివరాలు చూసుకోవచ్చు. మెంటరునని చెప్పుకుంటూ నమోదు లేకుండా వెంచర్లు చూపించే మనిషి దగ్గర నేర్చుకోవలసింది ఏమీ ఉండదు. నమోదైన ఏజెంటునని ముందే చెప్పి నేర్పేవారితో నాకు పేచీ లేదు, కాకపోతే అటువంటివారు చూపించిన స్థలాన్ని వేరే మనిషి చేత పరిశీలింపజేయాలి.

ఇక ఆ కోర్సుల్లో నేర్పే విషయాలకు వస్తే, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతుంది. 1983 జనవరి 1 తర్వాతి లావాదేవీల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం, రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో చూడవచ్చు. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా, అంటే అందరూ 22-ఏ అని పిలిచేది, ఆ వెబ్‌సైట్లలోనే ఉంటుంది. వ్యవసాయ భూమి అయితే తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలోను, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలోను రికార్డు చూడాలి. చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దుల, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దుల పటాలను హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తన వెబ్‌సైట్‌లో పెట్టింది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలైన తర్వాత ఈ పటం చూడకుండా చెరువు పక్కన గజం కూడా కొనరాదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నంబరు ఉండాలి, ఆ నంబరు రాకముందే ప్రీ లాంచ్ పేరుతో డబ్బు వసూలు చేయడం చట్టవిరుద్ధం. ఇవన్నీ ఒక వారం సాయంత్రాలు కూర్చుంటే ఎవరికైనా పట్టుబడతాయి. ముందు ఆ వారం వెచ్చించి, మీకు తెలిసిన ఏదైనా స్థలం కాగితాలను మీరే వెతికి చూడండి. అర్థం కాకుండా మిగిలిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుంటే, నేర్పేవారి దగ్గర కొనవలసింది ఏమైనా ఉంటే అది ఆ కాగితం మీదే కనబడుతుంది.

ఆ ప్రశ్నల్లో చాలావాటికి మెంటర్ కంటే సివిల్ కేసులు చూసే లాయరు, లైసెన్సున్న సర్వేయరు మేలు. కోర్సు అయిన ఏడాదికి నేను ఒక పాత కాలనీలో 200 గజాల ప్లాటు చూసి, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నాటి దస్తావేజులు పట్టుకుని లాయరు దగ్గరకు వెళ్లాను. నాకు ఈసీ చదవడం వచ్చుననే ధీమాతోనే వెళ్లాను. ఆయన స్కేలు పెట్టి ఒక్కొక్క వరుసా దిగుతూ 2011 నాటి ఎంట్రీ దగ్గర ఆగారు. అది బ్యాంకుకు రాసిన మార్టిగేజ్ డీడ్. నేనూ దాన్ని చూశాను, కానీ పాత అప్పే కదా అని దాటేశాను. ఆయన మాత్రం కింది పేజీలన్నీ తిప్పి, ఆ తనఖా విడుదలైనట్టు ఎక్కడా నమోదు లేదని చూపించారు. అప్పు తీరిపోయింది, కాగితం ఒక్కటే పెండింగ్ అని అమ్మే ఆయన అన్నారు. బ్యాంకు లేఖ తెమ్మంటే మూడు నెలలైనా తేలేదు, నేను బయానా ఇవ్వకుండానే తప్పుకున్నాను. ఆ లీగల్ ఒపీనియన్‌కు నాకు అయిన ఖర్చు కోర్సు ఫీజులో పదోవంతు కూడా లేదు. ఫలానా స్థలానికి, ఫలానా కాగితాలకు సంబంధించిన తెలివి ముందు తరగతి గదిలో పాఠం ఎంత పలచనో నాకు ఆ రోజు తెలిసింది.

అప్పటికీ కట్టాలనే అనిపిస్తే ఒకసారి లెక్క వేయండి. గజం 15,000 చొప్పున 200 గజాల ప్లాటు 30 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2,25,000. మధ్యవర్తికి రెండు శాతం అనుకుంటే 60,000. మెంటర్‌కు లక్ష, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000. మొత్తం 4,03,000 అవుతుంది. అంటే గజం ధర 2,015 రూపాయలు పెరిగేదాకా మీరు పెట్టిన డబ్బే తిరిగి రాదు, అందులో 590 రూపాయలు ఒక్క మెంటర్ ఫీజువే. అప్పు తెచ్చి కట్టిన ఫీజైతే వడ్డీ అదనం. వచ్చే రెండేళ్లలో ఒక్క ప్లాటుకు మించి కొనలేనివారికి ఈ భారం గిట్టదు.

అమెరికాలోని తెలుగువారు ఇక్కడ ఒక పాత కేసు గుర్తుంచుకోవడం మంచిది. ట్రంప్ యూనివర్సిటీ పేరుతో నడిచిన సెమినార్లలో మొదటిది ఉచితం, మూడు రోజులది 1,495 డాలర్లు, మెంటర్‌ను వెంట పంపే పై ప్యాకేజీ దాదాపు 35,000 డాలర్లు. మోసం జరిగిందంటూ న్యూయార్క్ అటార్నీ జనరల్ 2013లో వేసిన దావా, విద్యార్థులు వేసిన దావాలు కలిపి 2016లో రెండున్నర కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి. తప్పు చేశామని మాత్రం వారు ఒప్పుకోలేదు. కింది మెట్టు మీద చెప్పకుండా దాచినదే పై మెట్టు మీద అమ్ముతారన్న ఆశ ఇక్కడి కోర్సులకూ పెట్టుబడే. మాతృదేశంలో ఫామ్ ప్లాట్లు కొనిస్తామనే మెంటర్లను నమ్మబోయే ఎన్నారైలు మరొకటి తెలుసుకోవాలి. విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి వీలు లేదు. ఈ మాట మొదటి క్లాసులోనే చెప్పనివారికి డాలరు కూడా పంపవద్దు.

అయితే ఫీజు కట్టడం సబబైన సందర్భాలు లేకపోలేదు. పాత ఇల్లు కొని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలనుకునేవారికి, ఉమ్మడి భూమిని లేఅవుట్ చేయించాలనుకునే కుటుంబానికి, గోదాములు కట్టి అద్దెకివ్వాలనుకునేవారికి ఆ పని స్వయంగా రెండు మూడుసార్లు చేసిన మనిషి పక్కన ఉండడం ఎంతో విలువైనది. బిల్డర్ వాటా ఎంత అడుగుతాడు, ఏ అనుమతి ఏ టేబుల్ దగ్గర నిలుస్తుంది అన్నవి పుస్తకాల్లో ఉండవు. అటువంటివారిని ఎంచుకునేటప్పుడు ఆయన తన పేరు మీద కొన్న ఒక స్థలం డాక్యుమెంట్ నంబరు అడగండి, ఈసీలో మీరే సరిచూసుకోవచ్చు. ఒక ఒప్పందంలో నష్టం ఎలా వచ్చిందో చెప్పమనండి. ఇరవై ఏళ్లు భూమిలో ఉండి నష్టమే చూడలేదనే మనిషి నిజం చెబుతున్నాడని నేను నమ్మను. ఆయన దగ్గర నేర్చుకున్న ఇద్దరి నంబర్లు తీసుకుని, వారితో ఆయన పక్కన లేనప్పుడు మాట్లాడండి.

డబ్బు కట్టే పద్ధతి కూడా ముఖ్యమే. ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టకుండా, ముందు ఒక్క సిట్టింగ్‌కు ఫీజు ఇచ్చి, మీరు రాసుకున్న ప్రశ్నల కాగితం, ఒక నిజమైన స్థలం ఫైలు ఆయన ముందు పెట్టండి. ఆ గంటలో ఆయన చెప్పినదాన్ని తర్వాత లాయరుకు చూపిస్తే మనిషి విషయపరిజ్ఞానం ఎంతో తేలిపోతుంది. తృప్తి కలిగితే మిగతా ఫీజును విడతలుగా, బ్యాంకు ద్వారా మాత్రమే ఇవ్వాలి. ఎన్ని సిట్టింగులు, ఎవరు చెబుతారు, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి రాసి ఉన్న ఇన్‌వాయిస్ తీసుకోవాలి. ఈ రాత్రి 12 గంటలలోపు కడితేనే సగం ధర అని తొందరపెడితే, ఇంట్లో మాట్లాడి రేపు చెబుతానండీ అని ఫోన్ పెట్టేయండి. ఒకవేళ చెప్పినవేవీ జరగక డబ్బు చిక్కుకుంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు; పరిష్కారం కాకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్, వెబినార్‌లో ఇచ్చిన హామీల స్క్రీన్‌షాట్లు, వారు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు అన్నీ సాక్ష్యాలుగా పనికొస్తాయి కాబట్టి, చేరిన రోజు నుంచే వీటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో దాచి ఉంచండి.