ఆర్‌సీ టూరింగ్ కారు కట్టడం ఎలా? ముందు షాకుల్లో గాలి తీయండి, తర్వాతే మోటార్ సంగతి

హనుమకొండలో ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే ఒక పార్కింగ్ స్థలంలో మేం ఏడెనిమిది మందిమి ఆర్‌సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు తిప్పుతాం. చాక్‌పీసుతో గీసిన గీతలు, మలుపుల దగ్గర చెట్లకు నీళ్లు పట్టే పాత పైపు ముక్కలు. అదే మా ట్రాక్. రెండు మూడు వారాలకోసారి ఎవరో ఒక కుర్రాడు మెరిసిపోయే కొత్త కారు పట్టుకొని వస్తాడు. రెండు రౌండ్లు తిప్పగానే అదే మాట: "అన్నా, కారు ఎడమకు గుంజుతున్నది. మోటార్ మార్చాల్నా?"

మోటారుకూ గుంజుడుకూ ఏం సంబంధం తమ్ముడూ అని, ముందు షాకును, అంటే చక్రం దగ్గరి షాక్ అబ్జార్బర్‌ను విప్పి చెవి దగ్గర పెట్టుకొని నొక్కుతాను. చిక్ చిక్ అంటుంది. లోపల గాలి! ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఈసారి రాసి పెడుతున్నాను, ఇక అడిగినవాళ్లకు ఇదే పంపిస్తా.

సామాను

మొదటి కారు అయితే జపాన్ కంపెనీ టామియా చేసే టీటీ-02 కిట్ కొనండి. పదో వంతు సైజు, నాలుగు చక్రాలకూ షాఫ్టుతో, అంటే తిరిగే కడ్డీతో పవర్ వెళ్తుంది. బెల్టు కార్లు బాగానే ఉంటాయి, కానీ అవి కార్పెట్ ట్రాకులకు పుట్టినవి. బెల్టుకూ పుల్లీకీ మధ్య ఒక ఇసుక రేణువు దూరితే చాలు, ఆ రోజు ఆట అయిపోయినట్టే. మన దుమ్ముకు షాఫ్టు కారే, ఇంకో మాట లేదు.

కిట్‌లో రేడియో, సర్వో, బ్యాటరీ, చార్జర్ రావు. 2.4 గిగాహెర్ట్జ్ పిస్టల్ రేడియో, మామూలు సైజు సర్వో (ముందు చక్రాలు తిప్పే చిన్న మోటారు), రెండు సెల్లుల హార్డ్‌కేస్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), సెల్లులన్నింటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ విడిగా తీసుకోండి. ఇరుసులు తిరిగే చోట వచ్చే ప్లాస్టిక్ బుషింగులు పక్కన పడేసి బాల్ బేరింగులు వేయండి. ఎక్కువగా 11 బై 5 మిల్లీమీటర్ల సైజు పడుతుంది. ఇంకొకటి, జపాన్ కిట్లకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ కావాలి. మన హార్డ్‌వేర్ షాపులో దొరికే ఫిలిప్స్ ఆ ప్లస్ గాడిలో సరిగ్గా కూర్చోదు, నాలుగో స్క్రూకే తల అరిగిపోతుంది.

సెట్టింగ్ చూడటానికి చదునైన బల్ల కావాలి. దానికి వేలు పోసి సెటప్ బోర్డు తెప్పించుకునేవాళ్లున్నారు. కరీంనగర్ గ్రానైట్ పుట్టిన చోటికి దగ్గర్లో ఉండి ఆ పని చేయడం నాకు మింగుడుపడదు. గ్రానైట్ షాపుకు వెళ్లి, కిచెన్ ప్లాట్‌ఫామ్‌లో సింకు కోసం కోసి తీసిన ముక్క అడగండి. మూలకు పడి ఉంటుంది, చాయ్ డబ్బులకే ఇచ్చేస్తారు. పాలిష్ వైపు పైకి పెట్టి, స్పిరిట్ లెవెల్ చూసి, కింద అట్టముక్కలు దోపితే సరి.

కారు మాత్రం దర్రీ మీద కూర్చొని విప్పొద్దు. వరంగల్ కొత్తవాడ దర్రీలంటే నాకూ ఇష్టమే, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ పడిన ఈ-క్లిప్పు (గోరంత ఇనుప క్లిప్పు) అందులో మళ్లీ దొరకదు. మాలో ఒకాయన రెండు దర్రీలు పరిచి కార్పెట్ ట్రాక్ అన్నాడు. సాయంత్రానికి నాలుగు యాక్సిళ్లకూ నూలు కండెలు చుట్టుకున్నాయి.

కిట్ బిగించడం

బొమ్మల పుస్తకం చూసి బిగించండి, అందులో పెద్ద విద్య లేదు. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూ బిగుసుకోగానే ఆపేయండి. విప్పి మళ్లీ బిగించేటప్పుడు ముందు కాస్త వెనక్కి తిప్పితే పాత మరలో 'టక్' మని పడుతుంది, అప్పుడు బిగించండి. ముందు డిఫ్‌లో (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) గట్టి గ్రీజు, వెనక డిఫ్‌లో కిట్ గ్రీజు. పాలీకార్బొనేట్ బాడీకి రంగు లోపలి వైపు నుంచి కొట్టాలి, పైన కొడితే మొదటి గుద్దుకే పొలుసులుగా రాలుతుంది. అంతే, ఇక అసలు పనికి వద్దాం.

షాకులు

మామూలు టీటీ-02 కిట్‌లో వచ్చే షాకుల్లో నూనె ఉండదు. అవి స్ప్రింగు తొడిగిన ప్లాస్టిక్ పుల్లలు. కారు గుంత మీద ఎగిరితే ఎగురుతూనే ఉంటుంది. వాటిని తీసేసి నూనె పోసే సీవీఏ షాకులు వేయండి. మోటారుకు పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

షాకు లోపల జరిగేది చిన్న సంగతే. పిస్టన్ చిల్లుల్లోంచి నూనె దూరడానికి పట్టే సమయమే స్ప్రింగుకు పగ్గం. నూనెను నొక్కలేం, గాలిని నొక్కగలం. ఒక షాకులో బుడగ ఉంటే ఆ మూల చక్రం మొదటి మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు అడ్డే లేకుండా దిగిపోతుంది, మిగతా మూడు మూలలూ నెమ్మదిగా దిగుతాయి. మలుపులో కారు ఒక వైపు బాగా తిరిగి ఇంకో వైపు తిరగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అప్పుడు క్యాంబర్ (చక్రం పక్కకు ఒరిగిన కోణం) మార్చినా, టైర్లు మార్చినా మీరు చూసేది ఆ బుడగ ఆటే.

షాకు షాఫ్టును, అంటే పిస్టన్ బిగించిన సన్న కడ్డీని లోపలికి తోసే ముందు మర ఉన్న కొసకు, ఓ-రింగుకు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) నూనె పూయండి. పొడిగా తోస్తే ఆ మర అంచులే ఓ-రింగును కోస్తాయి. కింద బాల్ ఎండ్ (షాకును కారుకు తగిలించే కొస) బిగించేటప్పుడు షాఫ్టును ఉత్త కటింగ్ ప్లయర్‌తో పట్టుకోకండి, దండం పెడతాను. పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి పట్టుకోండి. కంటికి కనిపించని గీత ఒక్కటి పడినా అక్కడి నుంచి జీవితాంతం నూనె కారుతుంది.

నూనె అంటే సిలికాన్ షాక్ ఆయిలే. మొదట్లో నేను తెలివి ప్రదర్శించి కుట్టుమిషన్ నూనె పోశాను. వారం తిరిగేసరికి ఓ-రింగులు ఉబ్బి షాఫ్టులు కదల్లేదు. సీసా మీద అంకె చూసి కొనండి. నూనె చిక్కదనం చెప్పే సీఎస్‌టీ (సెంటీస్టోక్), డబ్ల్యూటీ (వెయిట్) ఒకటి కావు, డబ్ల్యూటీ అంకె ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. నేను సీఎస్‌టీ తప్ప నమ్మను. చలికాలం 400, మార్చి నుంచి జూన్ దాకా 500. మే నెలలో మన దగ్గర సిమెంటు నేల మీద చెయ్యి ఆనించలేం, ఆ వేడికి నూనె పలచబడుతుంది. విదేశాల వాళ్ల సెట్టింగ్ షీటులో 350 ఉందని ఇక్కడ 350 పోస్తే ఏం లాభం?

పిస్టన్‌ను పూర్తిగా కిందికి లాగి, నూనెను అంచు దాకా నింపండి. ఇప్పుడు షాఫ్టును నెమ్మదిగా పైకి, కిందికి పది పదిహేనుసార్లు కదపండి. నెమ్మదిగా అంటే మజ్జిగ చిలికినట్టు కాదు, సెలైన్ చుక్క పడినంత నిదానం. పిస్టన్ నూనె మట్టం దాటి పైకి రాకూడదు, వస్తే కొత్త గాలిని మీరే లోపలికి తీసుకెళ్తున్నట్టు. మొదట నురగలా సన్న బుడగలు లేస్తాయి. ఆ తర్వాత ఏమీ రావు. అయిపోయిందని మూత పెట్టేది ఇక్కడే, పాడయ్యేదీ ఇక్కడే. పిస్టన్ అడుగున ఆవగింజంత బుడగ ఒకటి అంటుకొని ఉంటుంది. పైనుంచి ఎంత చూసినా కనిపించదు. స్క్రూడ్రైవర్ పిడితో షాకు పక్కన మెల్లగా తట్టండి, షాఫ్టును కాస్త తిప్పండి. చిల్లులోంచి జారి, ఒక్కటే పైకొచ్చి టప్పున పగులుతుంది. అది వచ్చేదాకా నేను రెండో షాకు ముట్టుకోను.

తర్వాత థర్మోకోల్ ముక్కకు నాలుగు కన్నాలు చేసి నాలుగింటినీ నిలబెట్టి, పావుగంట వదిలేయండి. చాయ్ తాగి రండి. టేబుల్ ఫ్యాన్ మాత్రం ఆపి వెళ్లండి, నూనెలో దుమ్ము పడుతుంది.

మూత పెట్టడం ఇంకో గండం. పిస్టన్ కిందే ఉండాలి. నూనె అంచు పైన ఉబ్బెత్తుగా నిలవాలి. మూత కింద వచ్చే పల్చటి రబ్బరు బిళ్లను, అదే డయాఫ్రమ్‌ను పైనుంచి ధప్పున వేయకుండా, ఒక అంచు ముందు ఆనించి ఏటవాలుగా దించండి. రెండో పక్క నుంచి మిగులు నూనె, దాంతో గాలి బయటికి పోతాయి. మూతను రెండు మరలు మాత్రమే తిప్పి, షాఫ్టును నెమ్మదిగా సగం దాకా లోపలికి తోసి, నూనె ఊరుతుండగానే మిగతాది బిగించండి. ఇలా చేస్తే వదిలినప్పుడు షాఫ్టు ఎగిరి బయటికి రాదు. సగం అన్నది నాలుగింటికీ ఒకే సగం కావాలి. నేను షాఫ్టు మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుంటాను.

ఇక పరీక్ష. చెవి దగ్గర పెట్టి నొక్కండి, చప్పుడు రాకూడదు. తర్వాత రెండు షాకుల కొసలు ఒకదానికొకటి ఆనించి రెండు చేతులతో ఒత్తండి. రెండూ సమానంగా లోపలికి పోవాలి, సమానంగా బయటికి రావాలి. ఒకటి ముందు లొంగితే దాన్ని విప్పి మళ్లీ మొదటి నుంచి. చివరగా వెర్నియర్‌తో నాలుగింటి పొడవు కొలవండి. ముందు జతలో, వెనక జతలో తేడా 0.2 మిల్లీమీటర్లు దాటొద్దు. నాకు మొదటిసారి ఈ నాలుగు షాకులకు ఒక రాత్రంతా పట్టింది. ఇప్పుడైనా గంటన్నర తక్కువ పట్టదు. పదిహేను నిమిషాల్లో చేశానని ఎవరైనా అంటే వాళ్ల కారును చెవి దగ్గర పెట్టి చూడండి.

రాయి మీద

బ్యాటరీ పెట్టి కారును గ్రానైట్ మీద నిలబెట్టండి. రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదలండి. ముందు భాగం సరిగ్గా మధ్యలో కత్తి మొన పెట్టి మెల్లగా లేపితే ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందే లేస్తే తప్పు వెనక షాకుల్లో వెతకండి, ముందు భాగం గాల్లో ఉన్నప్పుడు కారు ఆనేది వెనక స్ప్రింగుల మీదే కదా. వెనక లేపినప్పుడు తేడా వస్తే ముందు వాటిని చూడండి. స్ప్రింగు మీద పెట్టే క్లిప్పులు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో లేదో చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

రైడ్ హైట్ (నేల నుంచి కారు అడుగు దాకా ఎత్తు) నున్నటి నేలకు 5 మిల్లీమీటర్లు, మన సిమెంటుకు 6. క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీ లోపలికి. కిట్ పై ఆర్ములతో అది మారదు, మార్చే ఆర్ములు విడిగా కొనాలి. అవి లేవని రేసు ఓడిపోయినవాణ్ని నేను చూడలేదు.

గేరింగ్ కిట్‌లో ఇచ్చిందే ఉంచండి. స్పర్ (పెద్ద గేరు) 70 పళ్లు, పినియన్ (మోటారు మీది చిన్న గేరు) 22 పళ్లు, లోపలి నిష్పత్తి 2.6, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు మొత్తం 8.27 చుట్లు. ఐదు నిమిషాలు తిప్పి మోటారు మీద వేలు పెట్టండి. మూడు సెకన్లు ఉంచలేకపోతే పినియన్‌లో ఒక పన్ను తగ్గించండి.

లైపోను సెల్లుకు 3.2 వోల్టుల కింద దించకండి. కొన్ని ఈఎస్‌సీల్లో (మోటారు వేగాన్ని అదుపు చేసే డబ్బా) వోల్టేజి తగ్గగానే ఆపేసే లైపో కటాఫ్ ఉండదు, చూసి కొనండి. ఇంటికొచ్చాక సెల్లుకు 3.8 దగ్గర పెట్టి దాచండి. ఎండాకాలం బండి డిక్కీలో మాత్రం వదలకండి.

నాలుగైదు ఆదివారాలకు షాకుల్లో నూనె బూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు మళ్లీ నాలుగూ విప్పాలి, ఒక్కటి కాదు.