ఇంట్లో బర్బన్ రుచి పాఠాలు – 4: రెండో ధాన్యాన్ని పట్టుకోవడం

పోయిన పాఠంలో మీకొక పని అప్పగించాను. 50.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైల్డ్ టర్కీ 101 అనే బర్బన్‌ను (బర్బన్ అంటే ఒక రకం అమెరికా విస్కీ) రెండు గ్లాసుల్లో సమంగా పోసి, ఒకదానిలో మాత్రం నీళ్లు కలిపి 45 శాతానికి దించమన్నాను. 15 మిల్లీలీటర్లకు 2 మిల్లీలీటర్ల కన్నా కాస్త తక్కువ నీళ్లు. పిల్లలకు మందు పట్టే సిరంజి ఇంట్లో ఉంటే నిమిషంలో అయిపోయే పని. చేసి చూసినవారికి ఈపాటికి తెలిసే ఉంటుంది: నీళ్లు కలిపిన గ్లాసు చప్పబడదు. ముక్కును పొడిచే ఘాటు తగ్గి, దాని చాటున ఉన్న తీపి వాసన బయటికి వస్తుంది. ఆల్కహాల్ శాతం మారితే చాలు, ఒకే సీసాలోని సరుకు రెండు వేర్వేరు సరుకుల్లా అనిపిస్తుంది. అందుకే ఈ పాఠానికి ఎంచుకున్న మూడు సీసాలూ సరిగ్గా 45 శాతానివే. ఘాటు గొడవ ఉండదు. ఈసారి వెతకబోయేది ధాన్యాన్ని.

బర్బన్ అనిపించుకోవాలంటే పులియబెట్టే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని అమెరికా చట్టం. లోపలి గోడలు బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాలో, పులిసినదాన్ని కాచి దించిన సరుకును ఉంచాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతానికి మించకూడదు. బయటి నుంచి రంగు గానీ రుచి గానీ కలపకూడదు. మొక్కజొన్న పోగా మిగిలిన వాటాలో సాధారణంగా రెండు ధాన్యాలు ఉంటాయి. ఒకటి మొలకెత్తించిన బార్లీ. ఇది ముఖ్యంగా పనిమనిషి లాంటిది. మొక్కజొన్నలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు దీనిలో ఉంటాయి. మొలకెత్తించిన రాగుల పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కన్నా పలచగా, తియ్యగా ఉండటం మీరు గమనించే ఉంటారు. అక్కడ జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రెండోది రై గానీ గోధుమ గానీ. మొక్కజొన్న తర్వాత రుచిలో గొంతు వినిపించేది దీనిదే కాబట్టి ఈ పాఠంలో దీన్ని ‘రెండో ధాన్యం’ అంటాను.

రై పేరు వినగానే హిందీలో ఆవాలను పిలిచే మాట గుర్తొచ్చి కొందరు పొరబడతారు. ఆవాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది గోధుమకు దగ్గరి చుట్టం, చలిదేశాల పంట.

ఇక మూడు సీసాలు. మొదటిది మేకర్స్ మార్క్. 70 శాతం మొక్కజొన్న, 16 శాతం గోధుమ, 14 శాతం బార్లీ. రై అసలే లేదు. రెండోది బఫెలో ట్రేస్. దీనిలో రై ఉంది గానీ తక్కువ. ఎంతన్నది ఆ డిస్టిలరీ బయటపెట్టదు. మూడోది బులిట్. 68 శాతం మొక్కజొన్న, 28 శాతం రై, 4 శాతం బార్లీ. గోధుమ, కొద్దిగా రై, బాగా రై: ఇదీ వరస. నేనుండే సిన్సినాటిలో ఒహాయో నది వంతెన దాటితే కెంటకీయే కాబట్టి ఇవి దొరకడం కష్టం కాదు. వేరే ఊళ్లలో బఫెలో ట్రేస్ దొరక్కపోతే మిగతా రెండింటితోనే మొదలుపెట్టండి. కొసలు రెండూ చేతిలో ఉంటే మధ్యది తర్వాతైనా చూడవచ్చు.

మేకర్స్ మార్క్ పుట్టుక గురించి ఆ కుటుంబం చెప్పే కథ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన కథ. 1953లో బిల్ శామ్యూల్స్ కెంటకీలోని లొరెట్టోలో ఒక పాత డిస్టిలరీ కొన్నారు. రైతో చేసే పాత పద్ధతి ఆయనకు నచ్చలేదు. కానీ కొత్త ధాన్యం పాళ్లు కుదిరాయో లేదో తెలియాలంటే పీపాలో పోసి ఏళ్ల తరబడి ఆగాలి. అంతకాలం ఆగకుండా ఆయన వేర్వేరు ధాన్యాల పాళ్లతో రొట్టెలు కాల్చి తిని చూశారట. గోధుమ కలిసిన రొట్టె నచ్చింది, ఆ పాళ్లే నిలిచాయి. మొదటి సీసా 1958లో బయటికి వచ్చింది. ఎర్ర మైనం కారుతున్నట్టుండే ఆ మూత ఆయన భార్య మార్జీ ఆలోచన. ధాన్యం రుచిని మద్యంలో వెతికే ముందు రొట్టెలో వెతకడం ఎంత సూటి పద్ధతో చూడండి. మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

అమెరికాలో ఏ కిరాణా దుకాణంలోనైనా రై రొట్టె దొరుకుతుంది. ఒక జాగ్రత్త: చాలా రై రొట్టెల్లో కారవే గింజలు వేస్తారు. అవి మన షాజీరాను పోలిన గింజలు, వాసన గాఢంగా ఉంటుంది. ఆ రొట్టె తిన్నవారు రై అంటే అదే వాసన అనుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. గింజలు లేనిది అడిగి తెచ్చుకోండి. ఒక ముక్క రై రొట్టె, ఒక ముక్క మామూలు గోధుమ రొట్టె, వెన్న లేకుండా, నెమ్మదిగా నమలండి. గోధుమది మెత్తగా, చివరికి పాలలాంటి తీపితో ముగుస్తుంది. రైలో ఒక పొడిదనం ఉంటుంది, కొంచెం పులుపు, కొంచెం మట్టి, చివర్లో నాలుకను సన్నగా గీరినట్టుండే కారం. ఆ గీరడాన్ని గుర్తుపెట్టుకోండి. రాత్రికి గ్లాసులో వెతకాల్సింది దాన్నే.

ఇల్లు సిద్ధం చేసుకోవడం గురించి రెండు మాటలు. తెలుగింట్లో ఈ పనికి పెద్ద అడ్డంకి వంటగదే. పోపు వేసిన ఇంట్లో మూడు గంటల దాకా ఏ గ్లాసు వాసనా నమ్మకండి. ఒకసారి నలుగురు మిత్రులను పిలిచి, పక్క గదిలో చేపల పులుసు మరుగుతుండగా గ్లాసులు నింపాను. ఆ సాయంత్రం అందరి కాగితాల మీదా మెంతి వాసన అనే రాసి ఉంది. అగరుబత్తి, సాంబ్రాణి, చేతికి రాసుకున్న క్రీము కూడా ఇంతే. భోజనానికి ముందే కూర్చోండి. మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి నీళ్లు, ఉప్పూ కారం లేని మరమరాలు చాలు.

గ్లాసుకు 15 మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు. అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాల్. మూడు గ్లాసులూ పూర్తిగా తాగితే 16 గ్రాముల దాకా అవుతుంది. పక్కన ఒక ఖాళీ గిన్నె పెట్టుకొని ఉమ్మేయడం మేలు. రుచి తెలియడానికి మింగనవసరం లేదు. వచ్చినవారిలో ఎవరైనా కారు నడపాల్సి ఉంటే ఉమ్మడం తప్పనిసరి.

గ్లాసుల అడుగున అంటించిన చిన్న కాగితాల మీద గుర్తులు రాసి, వాటి వరస మరొకరి చేత మార్పించండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ఆమె తాగదు. కానీ వాసన పట్టడంలో నా కన్నా చురుకు. పోసిన తర్వాత పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఆ తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పట్టుకొని, పెదవులు కాస్త తెరిచి, నెమ్మదిగా పైకి తెస్తూ వాసన చూడండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. ముక్కు ఒకే వరసకు అలవాటు పడిపోతే చివరి గ్లాసుకు ఎప్పుడూ అన్యాయం జరుగుతుంది.

ఇప్పుడు పాఠంలో అసలు విషయం. కొత్తగా నేర్చుకునేవారి కాగితాలు చాలా చూశాను. మొదటి గ్లాసు ఎదురుగా ‘వనిల్లా, బెల్లం’ అని ఉంటుంది. రెండో దాని ఎదురుగా ‘వనిల్లా, బెల్లం, లవంగం’. మూడో దానికీ ఇంచుమించు అదే. అప్పుడు వారికి నిరుత్సాహం వస్తుంది, తమ ముక్కు పనికిరాదనుకుంటారు. ముక్కులో ఏ లోపమూ లేదు. వారు రాసినదంతా నిజమే, కాకపోతే అదంతా పీపా వాసన.

ఇది నమ్మకం కుదరాలంటే మసాలా డబ్బాలోంచి ఒక మంచి లవంగం తీసి, మొగ్గ కింది కాడను గోటితో గట్టిగా నొక్కండి. సన్నని నూనె తడి మెరుస్తుంది. ఆ నూనెలో ప్రధానమైనది యూజెనాల్. కాల్చిన ఓక్ చెక్కలోంచి బర్బన్‌లోకి దిగేదీ అదే యూజెనాల్. పోలిక కాదు, అదే పదార్థం. వనిల్లా వాసన చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ వేడికి విడిపోవడం వల్ల వస్తుంది. ఎండుకొబ్బరి వాసన ఓక్ చెక్కలోని లాక్టోన్లనే పదార్థాలది. అమెరికా ఓక్‌లో అవి పుష్కలం. ఇక బెల్లం అని రాసినది మామూలు బెల్లం కాదు. అరిసెలకు పాకం పడుతూ ఒక్క క్షణం ఏమరితే, ముదురు పాకం మాడబోయే ముందు గిన్నెలోంచి లేచే వాసన అది. పీపా లోపలి గోడ కాలినప్పుడు బొగ్గు పొర వెనక చెక్కలోని చక్కెరలు ఆ దశకే వస్తాయి. చట్టం ప్రకారం ప్రతి బర్బనూ కాల్చిన కొత్త పీపాలోనే ఉండాలి కాబట్టి ఈ నాలుగు వాసనలూ మూడు గ్లాసుల్లోనూ ఉండి తీరతాయి.

కాబట్టి కాగితం మీద ముందు పైభాగంలో ఒక అడ్డగీత గీయండి. మూడింటిలోనూ కనిపించినవన్నీ గీత పైన, ఒక్కసారే రాసి వదిలేయండి. అవి ఉమ్మడి ఆస్తి. గీత కింద మూడు గళ్లు. ఏ గ్లాసుకైనా సొంతమైనది మాత్రమే ఆ గ్లాసు గడిలోకి వెళ్లాలి. మొదట్లో గీత కింద ఒక్క మాటే రావచ్చు. ఆ ఒక్క మాటా పైన రాసిన పది మాటల కన్నా విలువైనది, ఎందుకంటే రేపు ఆ సీసాను గుర్తుపట్టించేది అదే.

పోయిన శనివారం మా బల్ల మీద కాగితం ఇలా తయారైంది. గీత పైన: మాడబోయే పాకం, వనిల్లా, ఎండుకొబ్బరి, లవంగం. చుక్క గుర్తున్న గ్లాసు కింద నేను రాసినది: వెన్న రాసిన రొట్టె, నాలుక ముందు భాగంలోనే రుచి, మింగాక ఏదీ గుచ్చలేదు. గీత గుర్తున్న గ్లాసు కింద: బత్తాయి తొక్క, చివర్లో కొద్దిగా మిరియం. మూడో గ్లాసు దగ్గర నాకు మాట దొరకలేదు. లవంగమేననిపించింది కానీ పైన రాసిన లవంగం కాదు. మా ఆవిడ ఒకసారి వాసన చూసి, “ఇది నీడలో ఆరబెట్టిన పుదీనా అండీ” అంది. అంతే, తెర తొలగినట్టయింది. గ్లాసు తిప్పి చూస్తే బులిట్. నా అనుభవంలో రైని పట్టిచ్చే ఆనవాలు ఇదే: పీపా తెచ్చే లవంగం తియ్యగా, గుండ్రంగా ముక్కులోనే నిలుస్తుంది, రై తెచ్చే కారం పొడిగా, చల్లగా, పుదీనా వైపు మొగ్గి, మింగాక నాలుక పక్కల మీద గీరుతుంది. పగలు తిన్న రొట్టె చివర్లో గీరినది అదే.

గోధుమ గురించి ఒక అపోహ. గోధుమ బర్బన్ తీపి అని అందరూ అంటారు. గోధుమ తనంతట తాను తీపిని తేదు. రై లేకపోవడం వల్ల మొక్కజొన్న తీపికీ చెక్క తీపికీ అడ్డు తొలగుతుంది. పచ్చిమిర్చి వేయని కొబ్బరి పచ్చడిలో కొబ్బరి తీపి తెలిసినట్టన్నమాట. కాబట్టి గోధుమను వెతకకండి. రై ఉందా లేదా అన్నదే వెతకండి. మధ్యలో ఉన్న బఫెలో ట్రేస్ కష్టమైనది. దాన్నీ మేకర్స్ మార్క్‌నూ నేను రెండుసార్లు తారుమారు చేశాను.

ఒక సంగతి దాచకూడదు. ఈ మూడు సీసాలూ మూడు డిస్టిలరీలవి. ధాన్యాన్ని పులియబెట్టే ఈస్టు వేరు, పీపాలు వేరు, వయసు వేరు. ధాన్యం ఒక్కటే మారిందని అనలేం. అంత శుద్ధంగా పోల్చాలంటే ఫోర్ రోజెస్ వారి సింగిల్ బ్యారెల్ ప్రత్యేక ఎంపికలు వెతకాలి. వారి దగ్గర రెండు ధాన్యపు పాళ్లు, ఐదు ఈస్టులు, మొత్తం పది రకాలు. ప్రతి రకానికీ నాలుగక్షరాల గుర్తు. రెండో అక్షరం ధాన్యాన్ని, చివరి అక్షరం ఈస్టును చెబుతాయి. ‘ఓ ఈ ఎస్ కే’లో రై 20 శాతం, ‘ఓ బీ ఎస్ కే’లో 35 శాతం, ఈస్టు మాత్రం ఒకటే. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఆ రెండూ కొనగలిగితే ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. అయితే వాటి ఆల్కహాల్ శాతాలు పీపాను బట్టి మారతాయి. సిరంజి తీసి ముందు సమం చేసుకోండి.

ఈ వారం పని. మేకర్స్ మార్క్, బులిట్ మాత్రమే తీసుకోండి. మూడు గ్లాసులు, ఒక్కోదానిలో 5 మిల్లీలీటర్లు. రెండింటిలో ఒకే సరుకు, ఒకదానిలో రెండోది. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. మూడు గ్లాసులను ఇలా పేర్చడానికి ఆరు పద్ధతులున్నాయి. ఆరు చీట్లు రాసి, పోసేవారు ప్రతిసారీ ఒకటి తీసి, దాని ప్రకారం పోసి, ఆ చీటీని మళ్లీ మడిచి కలిపేయాలి. రోజుకు రెండు పరీక్షలు, మూడు సాయంత్రాలు, మొత్తం ఆరు. ఊరికే ఊహించినా ఆరింటిలో రెండు సరైనవి కావచ్చు. ఐదు గానీ ఆరు గానీ సరిగ్గా చెబితే మీకు నిజంగా తేడా తెలుస్తున్నట్టే; గుడ్డిగా చెప్పి ఐదో ఆరో దక్కించుకోవడం నూటికి రెండుసార్లు కూడా జరగదు. నాలుగు వస్తే రొట్టె ముక్క దగ్గరికి తిరిగి వెళ్లి ఇంకో వారం చేయండి.

వచ్చే పాఠం సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేసే పని గురించి. మేకర్స్ మార్క్ మూత తీసిన తేదీని సీసా మీది చీటీ అంచున పెన్సిల్‌తో రాసి, అడుగున 60 మిల్లీలీటర్లయినా మిగల్చండి. దానితో పనుంది.