సీసా మీద రంగు ఊడిపోకుండా హాలోవీన్ జార్లు, నా అనుభవం

దెయ్యాల వేషాల పండగ హాలోవీన్‌కి, అంటే అక్టోబర్ 31కి గుమ్మం దగ్గర పెట్టడానికి ఖాళీ పచ్చడి సీసాలతో దెయ్యం జార్లు చేసేవాళ్ళందరూ అడిగేది ఒకటే, అక్రిలిక్ రంగు ఆరాక గోరు తగిలితే చాలు పొరలా లేచొచ్చేస్తోందని. నాకూ అదే అయింది. ఇంకో కోటింగ్ వేయడం, ఎండలో పెట్టడం, పైన వార్నిష్ కొట్టడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. వేడినీళ్ళలో నానబెట్టి లేబుల్ తీసేసి, మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాసి కాసేపాగి గీకేసా, తర్వాత గిన్నెల లిక్విడ్‌తో బాగా కడిగా. ఆరాక 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్‌ని (జిడ్డు తీసే ఒక రకం ఆల్కహాల్) దూదితో పెట్టి తుడిచా, అసలు కిటుకు ఇక్కడే ఉంది, ఆవకాయ నూనె కంటికి కనపడదు కానీ గాజుని వదలదు, ఎంత కడిగినా దూది లేత పసుపుగా వచ్చింది! అక్కణ్ణించి వేళ్ళు తగలకుండా మూతి దగ్గరే పట్టుకున్నా.

తర్వాత ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి టిష్యూ పేపర్ ముక్కలు ముడతలు పడేలా అంటించా, కళ్ళు, నోరు ఆకారంలో గాజు వదిలేసి. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరాక నల్లరంగు స్పాంజితో అద్దా, బ్రష్‌తో లాగితే తడికి కాగితం చిరుగుతుంది. ముడతల్లోకి రంగు దిగి అచ్చం ఎండిపోయిన చర్మంలా ఉంది, ఎంత బాగుందో.

లోపల బ్యాటరీ ఎల్ఈడీ దీపమే పెట్టండి, కాగితం కదా, కొవ్వొత్తి వద్దు.

నావన్నీ నున్నటి గాజు సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలకి ఇలాగే నిలుస్తుందని చెప్పలేను. హైదరాబాద్‌లో అక్టోబర్ వాన పడుతుంటే మాత్రం ఇంకో రోజు ఎక్కువ ఆరనివ్వండి, బాల్కనీలో తడిస్తే ఫెవికాల్ మెత్తబడిపోతుంది.